నడుము తగ్గని ఉపవాసం

ఆమెను ఆ వీధిలో అందరూ అనుమానాలక్క అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆమె కూడా పలికేది. పేరు పెట్టినందుకు కోపమేమీ లేదుగానీ, మొదట పెట్టింది ఎవరన్న విషయంలో మాత్రం ముగ్గురి మీద అనుమానం ఉండేది.

క్రీడా శిక్షణ కేంద్రం గేటుకు ఎదురుగా, ఒకే కిటికీ ఉన్న గదిలో ఆమె కుట్టుపని. రెండు కుట్టుమిషన్లు, బట్ట అంచులు అల్లే ఒక ఓవర్‌లాక్ మిషన్, నిలువెత్తు అద్దం, కొలతలకు నిలబడటానికి ఒక చెక్క పీట. సైక్లింగ్ జట్టు అమ్మాయిలకు పోటీ సూట్లు ఫ్యాక్టరీ నుంచి ఒకే మూసలో వచ్చేవి. వాటిని ఒక్కొక్కరి ఒంటికి అతికేలా సరిచేసే పని పద్నాలుగేళ్లుగా ఆమెదే. గాలికి ఎక్కడా పట్టు దొరకకూడదు. తొడ దగ్గర రక్తం ఆగనూ కూడదు. ఆ రెండింటి మధ్యనున్న పావు అంగుళమే ఆమె జీవనాధారం.

ఏ కొలతనైనా ఆమె మూడుసార్లు తీసేది. ప్రతిసారీ టేపు పూర్తిగా విప్పి మళ్లీ చుట్టేది. తొడ కొలతకు మోకాలిచిప్ప పైనుంచి ఏడంగుళాలు లెక్కపెట్టి సుద్దతో గీత పెట్టేది. ఎవరినైనా ఉదయం పది గంటలకే రమ్మనేది. తిన్నాక నడుము ఒకలా ఉంటుంది, తినకముందు ఇంకోలా ఉంటుంది, సాయంత్రానికి కాళ్లే మారిపోతాయి అని ఆమె నమ్మకం. అందుకే పుస్తకంలో కొలత పక్కన తేదీతోపాటు గంట కూడా వేసేది.

"మా తమ్ముణ్ణి కూడా మూడుసార్లు కొలిచే ఒప్పుకున్నావా?" అని బయట అరుగు మీద కూర్చుని కాజాలు కుట్టే వదిన, అంటే ఆమె భర్తకు అక్క, ఎప్పుడూ ఎత్తిపొడిచేది.

"రెండుసార్లే వదినా. అందుకే ఇలా తేలాడు."

ఆ ఏడు పోటీల ముందు కొలతలకు మొదట వచ్చింది ఆమె చెల్లెలి కూతురే. చిన్నప్పుడు కాళ్లు పుల్లల్లా ఉండేవని ఇంట్లో పిచ్చుక అన్నారు. ఇప్పుడు ఆ కాళ్లే జట్టులో బలమైనవి, పేరు మాత్రం వదల్లేదు. జట్టులో ఆరుగురు. పెద్ద పోటీలకు తీసుకెళ్లేది నలుగురిని. కిందటేడు పిచ్చుక ఐదోదిగా మిగిలిపోయింది. ఈసారి ఎంపికకు ఇంకా ఐదు వారాలుంది.

"మూడు కిలోలు తగ్గాను పెద్దమ్మా! అంతా కొవ్వే. మేడమ్ దగ్గర కొత్త మెషిన్ ఉంది, చెప్పులు విప్పి ఎక్కితే చాలు, ఒంట్లో కొవ్వెంతో, కండ ఎంతో లెక్క చెప్పేస్తుంది."

"చెప్పులు విప్పితే లెక్క చెబుతుందా? అయితే గుడికెళ్లేవాళ్లందరికీ చెప్పాలి. ఎలా తగ్గావు?"

కోచ్ మేడమ్ ఏదో శిక్షణకు వెళ్లొచ్చి పెట్టిన పద్ధతి అది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా తినడం, మిగతా పదహారు గంటలు నీళ్లు మాత్రమే. సాధన మాత్రం ఎప్పటిలాగే ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు.

"అంటే తొక్కేది ఖాళీ కడుపుతో. దిగాక ఇంకో మూడు గంటలు ఎండిపోవడం. ఇది దేవుడి ఉపవాసం కూడా కాదు కదే, గడియారం ఉపవాసం!"

"నీకు అన్నీ అనుమానాలే."

అనుమానాలక్క టేపు చుట్టింది. మూడు నెలల కిందట తొడ ఇరవై రెండున్నర. ఇప్పుడు ఇరవై ఒకటీ ముప్పావు. మూడుసార్లూ అదే. నడుము మాత్రం అప్పుడూ ఇరవై ఏడే, ఇప్పుడూ ఇరవై ఏడే.

ముందుగా ఆమె టేపును అనుమానించింది. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగిన టేపు కొలతను తక్కువ చూపిస్తుంది. ఇనుప స్కేలు పక్కన పరిచి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. పైగా టేపే సాగి ఉంటే నడుము కొలతా తగ్గాలిగా! కొవ్వు కరిగితే ముందు నడుము దగ్గర బట్ట వదులవుతుందని పద్నాలుగేళ్లుగా ఆమె చేతులకు తెలుసు. ఇక్కడ నడుము కదల్లేదు, తొడ కరిగింది. మరి ఆ నడుములో ఏముంది?

ఆ ప్రశ్న బుర్రలోకి రాగానే ఆమె టేపు కింద పెట్టింది.

"పిచ్చుకా, నెలసరి సరిగా వస్తోందా?"

"మూడు నెలలుగా రావట్లేదు. హాయిగా ఉంది, సాధనకు అడ్డే లేదు."

అనుమానాలక్క లేచి తలుపు మూసింది. గొంతు తగ్గించింది. "ఎవడే వాడు?"

"ఎవడు?"

"నన్ను అడుగుతావేం? నీకే తెలియాలి."

పిచ్చుకకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పీట మీదినుంచి కింద పడబోయింది. "పెద్దమ్మా! నాకు సైకిల్ దిగే టైమే లేదు! మా గదిలో ఇంకో ఇద్దరికి కూడా రావట్లేదు, తెలుసా?"

"ముగ్గురికీనా?"

మూసిన తలుపు అవతలినుంచి వదిన గొంతు వినిపించింది: "ముగ్గురికీ కారణం ఒక్కడే అయితే, ముందు వాడికి ఇవ్వాలి పతకం!"

పిచ్చుక ముఖం ఎర్రబడింది. కానీ అనుమానాలక్కకు నవ్వు రాలేదు. ఒకరి ఒంట్లో జరిగినదానికి ఒక కథ అల్లవచ్చు. ముగ్గురికి ఒకేసారి జరిగిందంటే, ఆ ముగ్గురూ కలిసి చేసిన పనేదో వెతకాలి. తను తాడును చూసి పామనుకున్నదని ఆమెకు తెలిసిపోయింది. అయితే తాడూ ప్రమాదమైనదే కావచ్చునన్న శంక మిగిలింది.

మర్నాడు పది గంటలకు మిగతా ఐదుగురినీ వరసగా పిలిచింది. మూడు నెలల కిందటి పుట తెరిచి, పాత అంకెల మీద కాగితం కప్పి, కొలిచాకే తీసి చూసింది. పాత అంకె కళ్లముందుంటే చెయ్యి దానివైపే లాగుతుందని ఆమె భయం. నలుగురి తొడలు అర అంగుళం నుంచి ముప్పావు దాకా తగ్గాయి. నడుములు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఐదో అమ్మాయి కథ వేరు. జట్టులో దాన్ని మొద్దునిద్ర అంటారు. దాని తొడ అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగింది, నడుము అర అంగుళం తగ్గింది.

ఏ పనిలోనైనా పొసగని ఒక్కదాన్ని వదిలిపెట్టేవాళ్లే ఎక్కువ. అనుమానాలక్క మాత్రం దాన్నే పట్టుకుంది.

"నువ్వేం తింటున్నావు?"

"అందరిలాగే అక్కా. పన్నెండు నుంచి ఎనిమిది."

"నేను అడిగింది ఎప్పుడని కాదు. నా కళ్లలోకి చూసి చెప్పు."

మొద్దునిద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. సాధన అయిన వెంటనే సైకిళ్ల షెడ్డు వెనక రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు, దొరికితే పాలు. మొదటి వారంలోనే కళ్లు తిరిగాయట. "మేడమ్‌కి చెప్పకండక్కా, నన్ను తీసేస్తారు."

"నీ పేరు చెప్పను. నీ పొట్ట చెప్పకుండా చూసుకో."

కోచ్ మేడమ్ గదిలో గోడంతా పట్టికలే. తిండి మానిపించి పొదుపు చేసే రకం కాదు ఆమె. పిల్లలతోపాటు తనూ పన్నెండింటి దాకా పస్తుండే మనిషి. అందుకే అనుమానాలక్కకు అనుమానం ఇంకా పెరిగింది: చెడ్డవాళ్లయితే సులువు, మంచివాళ్ల పొరపాటును ఎవరూ కొలవరు.

"అక్కా, మెషిన్ కొవ్వు తగ్గిందనే చెబుతోంది. మీ టేపు కంటే అది ఖరీదైనది," అంది కోచ్ మర్యాదగానే.

"అవును మేడమ్. మొదటిసారి ఏ పూట ఎక్కించారు?"

"సాయంత్రం. సాధన అయ్యాక."

"మొన్న?"

"ఉదయం. లేవగానే అందరూ నీళ్లు తాగాక." చెబుతూనే కోచ్ ఆగింది.

"నేను సాయంత్రం చెమటతో వచ్చిన మనిషిని ఒకసారి, పొద్దున్నే నీళ్లు తాగిన మనిషిని ఇంకోసారి కొలిచి సూట్ కుడితే, మీరే నా ముఖాన విసిరేస్తారు. ఎద్దు ఈనిందని మెషిన్ చెబితే, దూడను ఎక్కడ కట్టాలని మనం వెతకకూడదు మేడమ్."

కోచ్ సొరుగు లాగి మెషిన్‌తో వచ్చిన చిన్న పుస్తకం తీసింది. మూడో పుటలోనే ఉంది: ఎప్పుడు కొలిచినా ఒకే వేళ, ఒకే స్థితిలో కొలవాలి, ఒంట్లో నీరు మారితే లెక్క మారుతుంది. ఆమె ఆ పుట చదివి పుస్తకం మూసింది.

"ఈ పద్ధతి పనిచేసిన చోట్లు ఉన్నాయక్కా. నేను కళ్లారా చూశాను."

"ఉండొచ్చు. అక్కడివాళ్లు తొక్కాక మూడు గంటలు ఆగారా, దిగగానే తిన్నారా? పూట మారిందా, తిండే తగ్గిందా? అది మీరు అడిగారా? నాకు తెలియదు మేడమ్, నేను దర్జీని. కానీ ఆరుగురిలో ముగ్గురికి నెలసరి ఆగింది. అది టేపుతో కొలిచేది కాదు."

కోచ్‌కు ఆ సంగతి తెలియదు. పిల్లలు చెప్పలేదు, ఆమె అడగలేదు. సాయంత్రానికి ఆరుగురినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, సాధనలో ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేక ఒళ్లు కొన్ని పనులు ఆపేసిందని చెప్పింది. అందరూ సాధన అయిన వెంటనే తినాలంది. నెలసరి ఆగిన ముగ్గురూ ఆరు వారాలపాటు తేలిక సాధన మాత్రమే చేయాలంది.

ఎంపికకు ఉన్నది ఐదు వారాలు.

ఆ వార్త విన్నరోజు పిచ్చుక దుకాణంలోకి వచ్చి, సరిచేసి మడతపెట్టిన తన సూట్‌ను బల్ల మీదినుంచి లాగింది.

"సంతోషమేనా పెద్దమ్మా? మొద్దునిద్ర వెళ్తోంది, తెలుసా? దొంగతనంగా తిన్నది వెళ్తోంది, మాట విన్నది ఇంట్లో కూర్చుంది!"

అనుమానాలక్క సూది పక్కన పెట్టింది. "నిన్ను మాట వినమన్నవాళ్లదీ తప్పే. వింటుంటే చూస్తూ కూర్చుంటే నాదీ తప్పే అయ్యేది."

"నా కాళ్లు నావి. నా సీటు నాది. నీ అనుమానం తినేసింది దాన్ని."

అనుమానాలక్క మళ్లీ సూది అందుకుంది. వదిన కూడా ఆ పూట జోక్ వేయలేదు. ఆ రాత్రి చెల్లెలు ఫోన్ చేసి, "అది నీ గురించి అనే మాటలు వింటుంటేనే భయంగా ఉందక్కా, కొన్నాళ్లు దాని దగ్గరికి వెళ్లకు" అంది. ఆమె వెళ్లలేదు. అయితే ప్రతి ఉదయం తొమ్మిదికి కుట్టు ఆపి, కిటికీలోంచి గేటుకేసి చూసేది. అమ్మాయిలు మెట్ల మీద కూర్చుని డబ్బాలు తెరిచేవాళ్లు. పిచ్చుక నిజంగా నములుతోందా, ఊరికే డబ్బా పట్టుకుని కూర్చుందా అన్నది అంత దూరం నుంచి తెలిసేది కాదు. నములుతోందని నమ్మేందుకు ఆమెకు ఆధారం లేదు. నమ్మకుండా ఉండటానికి మనసొప్పలేదు.

మిగిలిన ముగ్గురూ, చిన్నవాళ్ల జట్టు నుంచి తీసుకున్న ఒకమ్మాయీ పోటీలకు వెళ్లొచ్చారు; మూడో స్థానం వచ్చింది. ఆ తర్వాతి వారం, పది గంటలకు, పిచ్చుక తలుపు దగ్గర నిలబడింది. నేరుగా లోపలికి వచ్చి పీట ఎక్కింది.

అనుమానాలక్క పాత అంకె మీద కాగితం కప్పి, సుద్దగీత పెట్టి, టేపు చుట్టింది. మూడుసార్లు.

"ఇరవై రెండు."

"వదులుగా పట్టావు."

"నేనా?"

"నా మీద జాలితో పట్టావు. ఇటివ్వు." పిచ్చుక వంగి టేపు తీసుకుంది. తనే గీత మీద ఆనించి, బిగించి, అద్దంలో చూసుకుంది. ఇంకోసారి చుట్టింది. "ఇరవై రెండుకు కాస్త తక్కువ. టేపు మీది గీత తాకలేదు." టేపు మడతపెడుతూ అంది: "మొన్న నెలసరి వచ్చింది. నీకు చెప్పొద్దనుకున్నాను. వచ్చే ఎంపికకు ఎనిమిది నెలలుంది."

అనుమానాలక్క పెన్సిల్ తీసి, తన అంకెను వదిలేసి, పిచ్చుక చెప్పిన తక్కువ అంకెనే పుస్తకంలో రాసింది.