చన్నీళ్లతో కలిపిన పిండి

ఆ ఉదయం అమ్మ జొన్నరొట్టె తడుతున్న చప్పుడు మధ్యలో ఆగిపోయింది. వెళ్లి చూస్తే కుడిచేయి పిండి మీద వాలి ఉంది. మూతి వంకరపోయింది. "చెయ్యి లేస్తలేదు బిడ్డా" అన్న మాట కూడా ముద్దగా వచ్చింది.

మా దంతాలపల్లిలో పక్షవాతానికి పావురం రక్తం రాస్తారు. నాయిన తొమ్మిది రోజులు అదే రాయించాడు. దవాఖానకు పోదామని నాకు అనిపించింది. పెద్దల ముందు నోరు పెగల్లేదు. డైరీలో రాసుకుని ఊరుకున్నాను. పదోరోజు తొర్రూరు వెళ్లి వరంగల్ బస్సెక్కాం. డాక్టర్ బీపీ చూసి, "ఇది స్ట్రోక్. వచ్చిన రోజే తేవాలె గదా!" అన్నాడు. నాయిన తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను.

మూడు వారాలకు ఇల్లు చేరాం. అమ్మ కాలు ఈడుస్తూ నడిచేది. చేయి మాత్రం కట్టెలా వేలాడేది. ఎడమచేత్తో తినమంటే, "కడుక్కునే చేత్తోని బువ్వ తింటరానే?" అనేది. నేను తినిపించబోతే మొహం తిప్పుకునేది. నేను గ్లాసు పట్టుకుంటే కాస్త అంబలి తాగేది, అంతే. నెలలో గాజులు మోచేతి దాకా జారాయి. "గిట్ల బతుకుడుకంటె పోవుడే నయం" అనేది. నిజంగానే పోతుందని నాకు అర్థమవుతూ ఉండేది.

మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు ఫిజియోథెరపీ మేడమ్ ఎక్సర్‌సైజులతో పాటు ఇంకొకటి చెప్పింది. "కళ్లు మూసుకుని, గ్లాసు ఎత్తుతున్నట్టు అనుకోవాలమ్మా. బయటినుంచి చూసినట్టు కాదు, లోపల పట్టు తెలియాలి."

ఇంట్లో కళ్లు మూయించి కూర్చోబెట్టాను. "ఏడున్నదే గ్లాసు? నిద్రొస్తాంది" అంది అమ్మ. పదిహేను రోజులు డైరీలో ఒకే మాట రాశాను: ఏమీ లేదు.

పదహారో రోజు రొట్టె చేస్తున్నట్టు అనుకోమన్నాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డప్పుడు అమ్మ నాకు రొట్టె నేర్పాలని చూసింది. నేను పుస్తకం వదల్లేదు. అయినా తెలిసినట్టే మొదలుపెట్టాను. "జొన్నపిండి తీసుకున్నవు. చన్నీళ్లు పోస్తున్నవు..."

అమ్మ కళ్లు తెరిచింది. "చన్నీళ్లా, నీ తలకాయ! ఎసరు మసలాలె. లేకుంటె పెంక మీదికి పోకముందే ఇరుగుతది. ఇన్నేండ్లు ఏం తిన్నవే, పుస్తకాలా?"

"మరి నువ్వే చెప్పు."

మళ్లీ కళ్లు మూసుకుంది. ఎసరు పోసింది, పిసికింది, తట్టడం మొదలుపెట్టింది. అంతా మాటల్లోనే. ఉన్నట్టుండి, "అరచేతికి సుర్రుమంటాంది బిడ్డా" అంది.

చేయి కదల్లేదు. నేను మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చాను.

అప్పటినుంచి రెండు పూటలా మనసులో రొట్టెలే. నేను కావాలనే ఏదో ఒకటి తప్పు చెప్పేదాన్ని, తిట్లు తినేదాన్ని. నలభై రోజులకు బొటనవేలు కదిలింది. ఆ వెంటనే జ్వరం వచ్చి చేయి మళ్లీ బిగుసుకుపోయింది. మొదటినుంచి మొదలుపెట్టాం.

ఇప్పటికి మూడేళ్లు. అమ్మ మళ్లీ రొట్టె తట్టలేదు, ఇక ముందు తట్టడం కుదరదని కూడా అంటున్నారు డాక్టర్లు. మూడు వేళ్లు మాత్రం కలుస్తాయి. మెత్తటి అన్నం ముద్ద నోటిదాకా పోయేసరికి సగం కంచంలో రాలుతుంది. గంట పడుతుంది. ఎవరైనా సాయం పట్టబోతే ఊరుకోదు.

మీ ఇంట్లో ఎవరి చేయైనా ఇలా పడిపోతే, కదులుతున్నట్టు అనుకోమని చెప్పేటప్పుడు ఆ చేయి ఏళ్ల తరబడి చేసిన పనినే అడగండి. దానికంటే ముందు, మూతి వంకరపోయిన రోజే దవాఖానకు పోదామని గట్టిగా అనండి. నాలాగా డైరీలో రాసుకోకండి.