మైళ్ళలో అరవై

నాలుగేళ్ళ నుంచి ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు తెరిచే ధైర్యమే ఉంటే ఈ కాగితాలతో పనేముంది?

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ సాకులు వెతుక్కుంటాను. నా భార్య కారు నడుపుతూ ఒక మనిషిని గుద్దింది. అతివేగం అన్నారందరూ. ఆమె కాదంది. ఆమె అబద్ధం చెప్పడం లేదని తెలిసినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే. నేను చెప్పలేదు.

మాది మిర్యాలగూడ. నేనొక రైస్ మిల్లులో మేనేజర్ని. నా భార్యను ఇక్కడ సరళ అంటాను, అది ఆమె అసలు పేరు కాదు. కోదాడ పిల్ల. పాలకీడు దగ్గర ఒక ఊళ్ళో టీచరు. పొద్దున్నే బస్సు, దిగాక ఆటో, ఆ ఆటో నిండేదాకా ఎదురుచూపు. ఏళ్ళ తరబడి అలా తిరిగి తిరిగి విసిగిపోయి, ముప్పై ఎనిమిదో ఏట కారు నేర్చుకుంది. నేర్పింది నేను. నేర్పుతున్నంతసేపూ వెనక కూర్చుని ఇద్దరినీ తిట్టింది మా నాయిన.

నాయిన రిటైరైన బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కలేదని ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు. ఆయన శాసనం ఒకటే. ఊళ్ళలో నలభై, రోడ్డు మీద అరవై. మా కొత్త కారులో స్టీరింగ్ వెనక ఒక తెర ఉంటుంది. వేగం అందులో ఇంతింత లావు అంకెల్లో వెలుగుతుంది. ముల్లు తిరిగే పాత మీటరైతే వెనక సీట్లోంచి సరిగ్గా కనిపించేది కాదు. ఈ అంకెలు మాత్రం నా ప్రాణానికి వచ్చాయి. నాయిన వెనక సీటు మధ్యలో కూర్చుని, ముందు సీట్ల సందులోంచి మెడ సాచి, చూపంతా దాని మీదే పెట్టేవాడు. అరవై ఒకటి కనబడితే చాలు, "ఏందిరా, ఇమానం నడుపుతున్నవా?" అని మొదలుపెట్టేవాడు. సూర్యాపేట నుంచి కోదాడ దాకా నాలుగు వరసల హైవే. కోళ్ళ వ్యాన్లు కూడా మమ్మల్ని దాటిపోతుండేవి. నలభై రెండేళ్ళ మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, చిన్నపిల్లవాడిలా తిట్లు తింటూ నడిపేవాణ్ణి.

ఒకరోజు ఆ తెరలో గడియారం సరిచేస్తుంటే కిలోమీటర్లా, మైళ్ళా అని అడిగే సెట్టింగ్ కనబడింది. మైళ్ళు నొక్కి, రోడ్డు మీదికి వెళ్ళి చూశాను. కారు తొంభై ఆరు కిలోమీటర్ల వేగంతో పోతుంటే తెర మీద అరవై. కింద ఉండే ఇంగ్లిష్ అక్షరాలు మారతాయి గానీ అవి ఆవగింజంత. నాయినకు అవి ఆనవు. నాకెంత సంబరమైందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఆ తర్వాత నాయిన ఎక్కిన ప్రతిసారీ హైవే రాకముందే మైళ్ళు పెట్టేవాణ్ణి. ఒకసారి ఆయనకు అనుమానం వచ్చింది. "ఇయ్యాల చెట్లు జల్ది జల్ది పోతున్నయేందిరా?" అన్నాడు. మెడ సాచి చూశాడు. అరవై. "నా కండ్లే ఆగమైనయేమో" అనుకుంటూ వెనక్కి వాలిపోయాడు. నేను లోలోపల నవ్వుకున్నాను. ఇంటికి రాగానే మళ్ళీ కిలోమీటర్లకు మార్చేసేవాణ్ణి. వారమంతా ఆ కారు సరళ చేతిలో ఉండేది కదా.

ఆ ఆదివారం మార్చలేదు. నాయినను సూర్యాపేటలో కంటి డాక్టరుకు చూపించి, కోదాడ వెళ్ళి అత్తగారింట్లో భోంచేసి, ఇల్లు చేరాం. మరిచిపోయాను. మరుపు ఎవరికైనా ఉంటుంది. అది ఒట్టి మరుపే అయితే మీకీ సోదంతా చెప్పేవాణ్ణి కాదు.

సోమవారం పొద్దున సరళ బడికి బయల్దేరింది. కాసేపటికి నేను బైకు మీద మిల్లుకు బయల్దేరాను. దారిలో బైకు మీటరు మీద చూపు పడింది. ముల్లు నలభై మీద ఉంది. కారును మళ్ళీ కిలోమీటర్లకు మార్చలేదని అప్పుడు గుర్తొచ్చింది. బైకు పక్కకు తీసి ఆపాను. ఫోన్ తీశాను. ఆమె పేరు దాకా వచ్చాను.

నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదు? నడిపేటప్పుడు ఫోన్ మోగితే కంగారు పడుతుందని ఆగాను అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఫోన్ వస్తే బండి పక్కకు ఆపి, ఆ తర్వాతే ఎత్తాలని నేర్పింది నేనే. ఆమె అక్షరాలా అలాగే చేసేది. అసలు భయం వేరు. మైళ్ళు ఎందుకు పెట్టానో ఆమెకు చెప్పాలి. ఆమె నవ్వుతుంది. సాయంత్రానికి ఆ నవ్వు నాయిన దాకా పోతుంది, ఇక ఆయన బతికినన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, నలుగురు చేరిన ప్రతిచోటా నా పరువు తీస్తాడు. ఇదీ నేను లెక్కలు వేసుకున్నది. ఇంత చిన్న సిగ్గు. దాన్ని కాపాడుకోవడానికి, వేగం ఎక్కువైతే ఆమెకే తెలుస్తుందిలే అనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఆమెకు తెలియలేదు. నేర్చుకుని రెండు నెలలైన మనిషికి తెర మీది అంకె ఎంత చెబితే అంత. ఆ రోజు బండి ఎందుకో తేలిగ్గా పోతున్నట్టనిపించిందట. చేయి కుదిరింది కాబోలని సంతోషపడిందట. తర్వాతెప్పుడో ఆమే ఈ మాట చెప్పింది. 

నేరేడుచర్ల దాటాక ఒక మలుపు. గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. కాపరి సైదులు మంద కంటే ముందుకు వచ్చి, కర్ర పైకెత్తి ఆగమన్నాడు. అరవై మీద వచ్చే బండి ఆగడానికి ఆ దూరం చాలు. ఆమె బండి తొంభై ఆరు మీద ఉంది. సైదులు కుడికాలు రెండుచోట్ల విరిగింది. కొన్ని గొర్రెలు అక్కడే చచ్చిపోయాయి. సరళకు నుదురు చిట్లింది.

కబురు తెలిసి నేను వెళ్ళేసరికి ఇద్దరినీ ఒకే ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. కారు రోడ్డు దిగి తుమ్మచెట్టుకు ఆనుకుని ఉంది. కానిస్టేబుల్ దూరంగా ఫోన్లో మాట్లాడుతున్నాడు. డోరు తీశాను. అద్దం పెంకుల మధ్య తెర ఇంకా వెలుగుతోంది. సున్నా, దాని కింద ఆ ఆవగింజంత అక్షరాలు. నాలుగు నొక్కులు నొక్కాను. కిలోమీటర్లు వచ్చేశాయి. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. నా వేలు వణకలేదు. వణికిందని రాయాలనే ఉంది. వణకలేదు.

దవాఖాన వరండాలో సరళ తలకు కట్టుతో బెంచీ మీద కూర్చుని ఉంది. దారిలో టైర్ల గీతలు చూసి వచ్చిన నాయిన ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఎంత మీద పోతున్నవ్ బిడ్డా?"

"అరవై మీదే ఉన్నాను మామయ్యా. మీరు చెప్పినట్టే."

"అరవై మీద ఉంటే గంత దూరం టైర్ల గీతలు పడ్తయా? ముప్పై ఏండ్లు బస్సు నడిపిన, నాకు చెప్పకు. జరిగిందేదో జరిగింది, అబద్ధం మాత్రం ఆడకు తల్లీ."

ఆమె నా వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి. నేనెప్పుడైనా అరవై దాటానా? నా కళ్ళతో చూశానండీ, అరవై ఉంది."

అక్కడ మనిషన్నవాడు ఉంటే చెప్పేవాడు. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. "కంగారులో సరిగ్గా చూసుకోలేదేమోలే" అన్నాను. ఎంత ప్రేమగా అన్నానో! నాయిన తిట్టినప్పుడు ఏడవని మనిషి ఆ మాటకు ఏడ్చింది.

షెడ్డు నుంచి కారు తిరిగి వచ్చాక మీటరు తప్పేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. నన్ను నడపమని, పక్కన కూర్చుని ఫోన్లో వేగం చూసింది. రెండూ ఒకటే చూపించాయి. మిల్లు గేటు దాటేదాకా నేను తేలు కుట్టిన దొంగలా బిగుసుకుని కూర్చున్నాను. "అయితే నేనే సరిగ్గా చూళ్ళేదన్నమాట" అంది. ఆ తర్వాత ఆమె స్టీరింగ్ పట్టుకోలేదు. కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. తప్పు తనదేనని తన చేత్తోనే సంతకం పెట్టింది. నేను పక్కనే నిలబడి పెన్ను అందించాను.

మళ్ళీ బస్సు, మళ్ళీ ఆటో. సైదులు ఇప్పుడు మంద వెంట పోలేడు, అతని భార్య పోతోంది. అతను సరళ బడి ఉన్న ఊరి మొదట్లోనే అరుగు మీద కూర్చుని ఉంటాడు. సరళ ఆటో దిగిన ప్రతిరోజూ అతన్ని పలకరించాకే బడికి వెళుతుంది. "తప్పు నాదే సైదులన్నా" అని ఆమె ఇంకా అంటూనే ఉంటుందట. "పోనీ టీచరమ్మా, నా రాత" అంటాడట అతను. ఇద్దరూ నా తప్పును చెరి సగం పంచుకున్నారు.

కాలు విరగ్గొట్టిన పాపం ఒకటి. ఇంకోటి రోజూ నా కళ్ళ ముందే జరుగుతోంది. సరళ ఇప్పుడు తన కళ్ళను నమ్మదు. తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూస్తుంది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్ది, మార్కులు కూడి, నా దగ్గరకు తెస్తుంది. "ఏమండీ, ఇది ఏడేనా, ఒకటి కాదు కదా?" అని అడుగుతుంది. ఏడే. ఎప్పుడూ ఏడే. ఈ నాలుగేళ్ళలో ఆమె ఒక్క అంకె కూడా తప్పు చదవలేదు.

ఈ వారం ఆమెకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది. వద్దని రాసిచ్చేస్తానంటోంది. రిజిస్టర్లు, లెక్కలు, సంతకాలు తన వల్ల కావట. "నా చూపు మీద నాకే నమ్మకం లేనప్పుడు బడి మొత్తం ఎలా నెత్తిన వేసుకోనండీ?" అంది. ఆ ఉత్తరం రాసి, తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని ఇందాకే నాకిచ్చింది. చూశాను. ఒక్క తప్పూ లేదు. దాన్ని పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

చెప్పవచ్చు కదా అంటారు. లేచి పదడుగులు వేస్తే వంటిల్లు. వెళ్ళి ఏమని చెప్పను? నిన్ను నాలుగేళ్ళు ఇలా బతకనిచ్చింది నాయిన ముందు నవ్వులపాలు కాకూడదనేనని చెప్పనా? ఆమె క్షమిస్తుందనే నా భయం. క్షమించకపోయినా భయమే. ఏమైనా ఇన్నాళ్ళకు ఈ మాట నా లోపల్నుంచి బయటపడింది. ఛాతీలో కాస్త గాలి ఆడుతోంది. అంతకు మించి ఆశించే హక్కు నాకు లేదని తెలుసు.

రాయడంలో పడి కుక్కర్ సంగతి పట్టించుకోలేదు. వంటింట్లోంచి సరళ పిలుస్తోంది.

"ఏమండీ, ఎన్ని విజిల్స్ వచ్చాయి? నాకు మూడనిపిస్తోంది గానీ..."

"మూడే" అన్నాను.

వెంటనే స్టవ్ కట్టేసింది. నేను లెక్కపెట్టనే లేదు.