సార్ల కోసం సాఫ్ చేసిన బీడు

మా చిన్నమ్మ శుభ్రతకు జడిసి ఈగలు కూడా కాళ్లు కడుక్కున్నాకే ఆమె ఇంట్లో అడుగుపెట్టేవి. చుట్టాలొస్తున్నారంటే వాకిలిని ఎంత ఊడ్చేదంటే, నేల అరిగిపోయి గడప నడుమెత్తు లేచేది. గగన్‌పహాడ్ కార్ఖానాల వెనక మిగిలిన ఒకే ఒక్క సర్కారు బీడు మీద ఆమె మేకలు బతికేవి, మేకల మీద ఆమె బతికేది. అక్కడ గోదాం కడతామన్నారు. కట్టేముందు ఆ బీడులో ఎన్ని రకాల జీవాలున్నాయో కొలవాలట.

ముందుగా చూసిపోవడానికి వచ్చిన జీవశాస్త్రవేత్త, పారేసుకున్న ఉంగరం దొరికినట్టు ప్రతి గడ్డిపోచ దగ్గరా మురిసిపోయాడు.

"చాలా రకాలే ఉన్నట్టున్నాయమ్మా. కొలతలోనూ అదే తేలితే గోదాం వేరే చోటికి పోతుంది. సోమవారం వచ్చి కొలుస్తాం."

చిన్నమ్మకు అర్థమైందల్లా, సార్లు వచ్చి బీడుకు మార్కులు వేస్తారని.

సోమవారం సార్లతో పాటు నేనూ వెళ్లాను. బీడు నల్లగా, బోడిగుండులా నిగనిగలాడుతోంది. మధ్యలో చాప.

"ముండ్లు, పురుగులు, మస్తు గలీజుండె సారూ. మీరొస్తరని నిన్న అగ్గిపెట్టి సాఫ్ జేసిన. కూసోండ్రి."

గట్టు మీది పాలాయన పగలబడి నవ్వాడు. "ఏందక్కా, బీడుకు గిట్ల పెండ్లిచూపులా?"

జీవశాస్త్రవేత్త ముఖం బూడిదతో పోటీపడింది. అయినా పని పనే. వీపు తిప్పి, ఇనుప చట్రాన్ని భుజం మీదుగా వెనక్కి విసిరాడు. అది పడిన చోట ఎన్ని రకాలుంటే అన్నే లెక్క. బూడిద. మళ్లీ విసిరితే బూడిద, చీమలు.

"చీమలు మస్తుగున్నయి సారూ, లెక్కవెట్టుండ్రి!"

"లక్ష ఉన్నా ఒకటే రకమమ్మా."

మూలన బండ పక్కన మంట అందని కాస్త పచ్చిక, నాలుగు పసుపు పూలు కనిపించాయి. చిన్నమ్మ చట్రం లాక్కుని అటు విసిరింది. సరిగ్గా పూల మీదే పడింది. క్రికెట్ కప్పు గెలిచినట్టు ఎగిరింది చిన్నమ్మ.

ఆయన మెల్లగా వెళ్లి చట్రం తీసుకొచ్చాడు. "కావాలని వేసింది చెల్లదమ్మా. చూడకుండా వేస్తేనే కొలత."

చూడకుండా వేశాడు. బూడిద.

"మొన్న మీ కండ్లతోనే చూస్తిరి గద సారూ. గదే రాయిండ్రి."

"చూసింది కాదు, కొలిచిందే రాయాలి."

"ఒక్క వాన పడనియ్యుండ్రి. మల్ల మొలుస్తది."

"గడువు ఇవాళ్టితో సరి."

ఇంతలో రోజూ వచ్చే వేళకు మేకలు వచ్చేశాయి. బూడిదను మూతులతో కెలికి, తుమ్మి, చిన్నమ్మ వైపు చూశాయి. రెండు వచ్చి చట్రంలోనే నిలబడ్డాయి.

"సారూ, ఇగ ఇవి?" అంది చిన్నమ్మ ఆశగా.

"పెంపుడు జంతువులు లెక్కలోకి రావమ్మా. వాటిని పక్కకు తోలండి."

చిన్నమ్మ కర్ర ఎత్తింది. చుట్టూ కార్ఖానాల గోడలే.

"ఏ పక్కకు సారూ?"