అభ్యంతరం చెప్పడానికి విశాఖపట్నం వెళ్ళిన ఆదివారం

ఎలమంచిలి నుంచి విశాఖపట్నం పాతఊరికి వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడం ఎలాగని మొన్న ఒకమ్మాయి అడిగింది. క్రైస్తవుల పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అంటారు. అక్కడి చర్చిలో తన పేరు చదువుతుంటే వినాలని ఆ అమ్మాయికి సరదా. ఎనభైల మొదట్లో నేనూ ఆ దారినే, ఆ పని మీదే వెళ్ళాను. ఆమె సంబరంగా వెళ్తోంది, నేను ఒళ్ళు మండిపోతూ వెళ్ళాను. అంతే తేడా.

మా ఆయన యేసుదాసు పచ్చకామెర్లతో పోయాక నేనూ, మా అత్తా ఎలమంచిలిలోనే ఉండిపోయాం. జాకెట్లు కుట్టి ఇల్లు నడిపేదాన్ని. సమాధి దగ్గర “దేవుడు ఇష్టమైనవాళ్ళని తొందరగా పిలుచుకుంటాడమ్మా” అని నన్ను ఓదార్చినవాళ్ళంతా అరవై దాటినవాళ్ళే. మరి మీరంటే ఆయనకి ఇష్టం లేదా అని అడగాలనిపించింది. అడగలేక చర్చికి వెళ్ళడం మానేశాను. కొన్నేళ్ళకి మా అత్తకి కంటి ఆపరేషను చేయించడానికి విశాఖపట్నం వెళ్తే, ఆ ఆస్పత్రి వరండాలో ప్రకాశం కనిపించాడు. పోర్టు దగ్గర ఒక వర్క్‌షాపులో పని, కంట్లో ఇనుప రజను పడి చేరాడు. ఒక కంటికి కట్టుతో కూర్చుని, మేస్త్రీతో దెబ్బలాడినట్టు దేవుడితో పైకే దెబ్బలాడుతున్నాడు. ప్రార్థనలో అలా మాట్లాడొచ్చా అని అడిగాను. “కోపమొస్తే ఆయన్తో కాకపోతే ఇంకెవులితో సెప్పుకుంటామండీ?” అన్నాడు. ఆ సాయంత్రం నా కోపమంతా దేవుడి ముందు కుమ్మరించాను. ఏడ్చాను, తిట్టాను, చివర్న ఆమెన్ అన్నాను. భక్తి నాకు అలా తిరిగొచ్చింది. దాని వెనకే ప్రేమా వచ్చింది, దాచుకోవడం దేనికి?

ప్రకాశానికి నలభై ఏళ్ళు, అప్పటిదాకా పెళ్ళి లేదు. పాతఊరి చర్చిలో గంట కొట్టేది అతనే. మా పెళ్ళికి అక్కడి సంఘ పెద్దలు ఒప్పుకున్నారు, ఒప్పుకుని షరతులు పెట్టారు. పనిరోజున తెల్లారగట్ల చేసుకోవాలి. పక్క తలుపులోంచి రావాలి. పూలు వద్దు, గంట అసలే వద్దు. విధవరాలి పెళ్ళికి గంటేమిటి, పోయినవాడి తల్లి మనసు నొచ్చుకోదా అన్నారట. ఆ మాటన్న పెద్దాయన, భార్య పోయి ఏడాది తిరగకుండానే రెండో పెళ్ళి చేసుకున్నాడు! ఆ పెళ్ళికి గంట కొట్టింది మా ప్రకాశమే. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, ఆ బాపతు మా మతంలోనూ ఉన్నారు. నాకు ఇంకా మండిపోయినది ప్రకాశం మాట. “పోనీ మార్తా, పెళ్ళయితే సాలు కదా” అన్నాడు. దేవుడితో దెబ్బలాడేవాడు ఆ పెద్దాయన బంగారు కళ్ళజోడుకి బెదిరిపోయాడు. నేనేమైనా దొంగతనం చేస్తున్నానా, పక్క తలుపులోంచి రావడానికి? మా పేర్లు చదివే మూడో ఆదివారం నేనే వస్తానని చెప్పాను.

మా అత్తకి అంతా చెప్పాను. ఆవిడ వింటూ వింటూ “నానూ వత్తాను” అంది. కన్నకొడుకు తావులో ఇంకొకణ్ణి చూడబోయే మనిషి ఎందుకొస్తానంటోందో నాకు అంతు పట్టలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు.

ఎలమంచిలిలో తెల్లవారుజామున ప్యాసింజరు ఎక్కితే ఆరాధన వేళకి అందుకోవచ్చు. అప్పట్లో ఇద్దరి టికెట్లకీ పది రూపాయల నోటిస్తే చిల్లర వచ్చేది. అనకాపల్లిలో బండి కాసేపు ఆగుతుంది, ఆకులో ఇడ్లీ అక్కడే కొనుక్కోవాలి. దువ్వాడ దాటాక ఎడమ కిటికీలోంచి కొండలు బాగుంటాయి. ఉక్కు ఫ్యాక్టరీ పనుల కోసం పెట్టెల్లో కిక్కిరిసి వచ్చినవాళ్ళు గాజువాక వైపు పోవడానికి దువ్వాడలో దిగిపోతే మాకు సీటు దొరికింది. దారంతా నేను పెద్దాయనకి చెప్పబోయే మాటలు లోపల కూర్చుకుంటూనే ఉన్నాను. మా అత్త ఇడ్లీ తినేసి, ఆకు మడిచి పారేసి, కళ్ళు మూసుకుంది.

స్టేషను నుంచి పాతఊరికి రిక్షా కట్టించుకున్నాం. అతను మూడు రూపాయలడిగితే రెండుకి కుదిరింది. హార్బరు వైపు పోయేకొద్దీ చేపల వాసన, ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము. తెల్ల చీర కట్టుకుని వెళ్ళేవాళ్ళు దుప్పటి కప్పుకోవడం మంచిది.

“ఏటమ్మా, గుళ్ళో పెళ్ళా?” అన్నాడు రిక్షా అతను.

“పెళ్ళి కాదు బాబూ, తగువు” అంది మా అత్త. ఎలమంచిలి దాటాక ఆవిడ నోరు తెరవడం అదే.

చర్చి ముందు మెరక ఉంది, అక్కడ దిగి నడవాలి. లోపల ఆడవాళ్ళ వైపు మొదటి బల్ల మీద కూర్చున్నాం. వెనక గంట తాడు దగ్గర నిలబడ్డ ప్రకాశం నన్ను చూసి తల వంచుకున్నాడు. పాటలయ్యాక అయ్యగారు, అంటే పాస్టరుగారు, ప్రకటన చదివారు. అతను “శ్రీ ప్రకాశం గారు”, నేను “కీర్తిశేషులు యేసుదాసు భార్య, విధవరాలు మార్త”. మనిషి పోయి ఇన్నేళ్ళయినా నాకు ముందు ఆ మాటే. “ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే తెలపవలెను” అన్నారు. లేచి నిలబడ్డాను.

“నాకు ఉందండీ.”

అయ్యగారు కళ్ళజోడు తీసి చూశారు. “అమ్మా, పెళ్ళికూతురివి నువ్వే కదా?”

“నేనేనండీ. పెళ్ళికి అభ్యంతరం లేదు. పక్క తలుపుకి ఉంది. తెల్లారగట్లకి ఉంది. గంట కొట్టకపోవడానికి ఉంది. భార్య పోయిన మగవాళ్ళకి ఈ గుళ్ళో గంట మోగింది. భర్త పోయిన ఆడదానికి ఎందుకు మోగదు? దేవుడికి ఒక చెవే ఉందా?”

దారంతా కూర్చుకున్న మాటల్లో ఇది లేదు, అప్పటికప్పుడు వచ్చింది. పెద్దాయన మొహం కందిపోయింది. కోపం దాచుకుంటూ మెత్తగానే మాట్లాడాడు. “ఇది సంఘం మర్యాదమ్మా. పోయినవాడికి తల్లి ఉంది. ఆ తల్లి కడుపుకోత ఆలోచించొద్దూ?”

మా అత్త బల్ల పట్టుకుని లేచింది.

“ఆ తల్లిని నానే” అంది. “ఈ షరతులు నా పేరున కట్టమని మీకెవులు సెప్పినారు? నన్నడిగినారేటి? నా కొడుకు పోయినాక ఈ పిల్ల నాకు అన్నం పెట్టింది, కళ్ళు బాగు సేయించింది. దొంగలాగ పక్క తలుపులోంచి తెత్తారా నా పిల్లని?”

పెద్దాయన చివరి అడ్డుపుల్ల వేశాడు. “సరే. గంట కొట్టేవాడే పెళ్ళికొడుకు కదా, ఇంక గంటెవరు కొడతారు?”

“నాను కొడతాను” అంది మా అత్త.

ఎవరో నవ్వారు, ఆ నవ్వు బల్ల బల్లకీ పాకింది. అయ్యగారు కూడా నవ్వి, “అభ్యంతరం న్యాయమైనది. శనివారం సాయంత్రం, ముందు తలుపు” అన్నారు. ఆ రోజు ప్రభు సంస్కారం, అంటే గుళ్ళో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాను, మా ఆయన పోయాక మొదటిసారి. మోకాళ్ళ మీద ఉన్నా కోపం తగ్గలేదు. దేవుడి ముందుకి కోపంతోనే రావచ్చని తెలిసింది కాబట్టి వచ్చాను.

బయట ప్రకాశం ఎదురొచ్చి, “నా నోరు పెగల్లేదు మార్తా” అన్నాడు. “తెలుసు, ఇకమీద పెగలాలి” అన్నాను. దగ్గర్లో ఒక సాయిబుగారి హోటల్లో ముగ్గురం చేపల పులుసుతో భోజనం చేశాం. ప్రకాశం మా అత్త కంచంలో ముళ్ళు తీసి పెడుతుంటే ఆవిడ వద్దనలేదు. సాయంత్రం బండికి ఇల్లు చేరాం.

ఆ తర్వాత ఆ దారిలో చాలాసార్లు వెళ్ళాను. హోటలు లేదు, రిక్షాలు పోయి ఆటోలొచ్చాయి. మర్యాద పేరుతో ఆడదాన్ని పక్క తలుపుకి తోసేవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. మనం అడగనంత కాలమే అది మర్యాదగా చెలామణీ అవుతుంది. పెళ్ళి రోజున మా అత్త గంట మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. చాలమ్మా అని పెద్దాయన మనిషిని పంపిస్తే, “కోడలిది అయిపోనాది. ఇప్పుడిది నా కొడుక్కి” అందట. లోపల ప్రకాశం చెయ్యి పట్టుకుని, ఆ గంట ఆగేదాకా నేను తల ఎత్తలేదు. వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: ఆ గంట తాడు కొబ్బరి పీచుది, మీ తరఫున ఎవరు కొట్టినా చేతికి తువ్వాలు చుట్టుకోమనండి. మా అత్త చుట్టుకోలేదు. అరచేతులు బొబ్బలెక్కితే వారం రోజులు నేనే కలిపి తినిపించాను, ఒక్కసారి కూడా నొప్పి అనలేదు.