అత్తకు చూపించిన మూడు చెరువులు

మా మేనత్తది విశాఖపట్నం. రోజూ తెల్లవారగానే బీచ్ రోడ్డు మీద స్నేహితురాళ్ళతో నడిచొచ్చి, ఆ తర్వాతే కాఫీ ముట్టుకునే మనిషి. మొన్నామధ్య కిరందుల్ రైలెక్కి మా ఇంటికి జగదల్‌పూర్ వచ్చినప్పుడు, సంచి తెరవగానే చీరల పైన కనిపించినవి ఆవిడ నడక బూట్లే.

నేను పుట్టి పెరిగింది కిరందుల్ గనుల కాలనీలో. పెళ్ళయ్యాక జగదల్‌పూర్‌లో స్థిరపడ్డాను. ఈ ఊరిని ఎవరైనా ఒక మాటంటే నాకు ఎక్కడలేని రోషం వస్తుంది. ఆ సంగతి అత్తకు బాగా తెలుసు కనుకనే మొదటిరోజు పొద్దున్న దల్‌పత్ సాగర్ గట్టు మీద నిలబడి మొదలుపెట్టింది.

"ఏటే ఇది?"

"దల్‌పత్ సాగర్ అత్తా. ఈ ఊరి పెద్ద చెరువు."

"సాగరా! సముద్రం ఎలాగుంటాదో సూడనోళ్ళు పెట్టుంటారు పేరు. మా వాకింగోళ్ళయితే ఇందులో కాళ్ళు కడుక్కుని ఎళ్ళిపోతారు."

మేనత్త కదా, ఆ మాత్రం గిల్లడానికి ఆవిడకు హక్కుంది.

మర్నాడు కొత్తిమీర కోసం అత్తను గోల్ బజార్‌కు తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు ఏదో సందులో పడ్డాం. ఆ సందు చివర మళ్ళీ చెరువు ఎదురైంది. ఈ ఊళ్ళో అంతే. చెరువు ఎంత పెద్దదంటే, ఏ సందులో దూరినా ఎక్కడో ఒకచోట దాని అంచు తగులుతుంది. కానీ ముందురోజు మేం చూసింది నున్నటి బాట, బెంచీలు, ఫొటోలు దిగే కుర్రకారు ఉన్న వైపు. ఇటు చూస్తే నీళ్ళే కనబడవు. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని, ఊదారంగు పూలు పూసి ఉంది.

అత్త టక్కున ఆగింది. "ఏటే, ఇక్కడింకో సెరువుందా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం "ఉంది" అనే మాట.

ఒకసారి అన్నాక ఇక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఆ తర్వాతిరోజు అత్తను కావాలనే చుట్టుతిప్పాను. రాజమహలు వైపు నడిపించి, ఎడమకు తిప్పి, ఓ మేకల గుంపు వెనకాల నడిపించి, చివరికి వలలు ఆరేసుకునే చేపలవాళ్ళ ఇళ్ళ మధ్య నుంచి మూడో వైపుకు తేల్చాను. నీళ్ళు నిర్మలంగా ఉన్నాయి. పడవ మీద ఒకాయన వల విసురుతున్నాడు.

"ఇది మూడోది" అన్నాను.

అత్త కళ్ళు చికిలించింది. "మజ్జిలో ఆ దీవేటే? మొదటి సెరువులోనూ ఉంది కదా?"

"ఇక్కడ చెరువు తవ్వితే మట్టి బయట పోయరత్తా, మధ్యలోనే పోస్తారు. ప్రతి చెరువుకీ ఓ దీవి ఉంటుంది."

"అదీ మంచిదే. మొయ్యక్కర్లేదు" అంది ఆవిడ మెచ్చుకోలుగా.

ఇంటికొచ్చి టిఫిన్ దగ్గర మూడు చెరువుల ముచ్చట మా ఆయనకు చెప్పింది. నేను బల్ల కింద నుంచి ఆయన కాలు తొక్కాను. ఆయన ఇడ్లీ ముక్క గొంతుకు అడ్డంపడి దగ్గుతూ లేచి వెళ్ళిపోయారు. "సముద్రం కాదుగానీ, లెక్కకి బాగానే ఉన్నాయే మీ సెరువులు" అంది అత్త. నాకు పండగలా ఉంది.

ఆ పండగ మర్నాటిదాకా కూడా నిలవలేదు. సాయంత్రం మళ్ళీ చేపలవాళ్ళ వైపుకే నడకకు వెళితే, అక్కడ గంప ముందు పెట్టుకుని ఉడికించిన పల్లీలు అమ్ముతోంది ఒకావిడ. మొదటిరోజు బెంచీల దగ్గర మాకు అమ్మింది ఆవిడే. నేనెప్పుడూ ఆవిడతో హిందీలోనే మాట్లాడాను. అందుకే అత్త తెలుగులో పలకరించినా నేను కంగారుపడలేదు.

"ఏటమ్మా, ఈ సెరువు కాడా నువ్వే అమ్ముతావా?"

పల్లీలావిడ తలెత్తింది. "ఏ చెరువేంది అక్కా? ఉన్నది గీ ఒక్క తాలాబే. పొద్దుగాల ఆ దిక్కు కూసుంట, పొద్దూకితే ఈ దిక్కు కూసుంట."

ఆవిడది తెలుగు సరిహద్దున ఉన్న కోంటా వైపట. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషేనట. నాకు తెలిస్తేగా!

అత్త పల్లీలు తీసుకుంది. దీవిని చూసింది, నన్ను చూసింది, ఒక్కొక్క కాయే ఒలుచుకు తింటూ ఇంటిదాకా నడిచింది. గేటు దగ్గర బూట్లు విప్పుతూ, "సెరువు ఒకటే గానీ, కాళ్ళు మూడు సెరువులంత పీకుతున్నాయే కోడలా" అంది.

మర్నాడు ప్రాయశ్చిత్తంగా ఊళ్ళో నిజంగానే ఉన్న రెండో చెరువుకు తీసుకెళ్ళాను. "ఇది గంగాముండా అత్తా. ఒట్టు, వేరే చెరువు."

"ముండా?" అత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "అబద్ధమాడినా ఓ అందముండాలే. సెరువుకి ఎవరైనా తిట్టు పేరెడతారా?"

"ఇక్కడి హల్బీ భాషలో ముండా అంటే చెరువనే అర్థం."

"నీకు తోసిన అర్థం."

దారినపోయే ఒకాయనను ఆపి హిందీలో అడిగాను. ఆయన పాపం ఓపిగ్గా చెప్పాడు. "నువ్వాయనకి ఏటి సెప్పమన్నావో నాకేటి తెలుసు?" అంది అత్త.

ఆఖరికి ఆటోలో ఇంద్రావతి ఒడ్డుకు తీసుకెళ్ళాను. నదిని ఎవరు కాదనగలరు? అత్త అటూ ఇటూ తల తిప్పి చూసింది. "అదే సెరువుని లాగి పొడుగ్గా సేసీసినారేటి?"

"పారుతోంది చూడత్తా!" కొంగున మిగిలిన పల్లీ తొక్క ఒకటి తీసి నీళ్ళలో వేశాను. అది మెల్లగా కదిలి వెళ్ళిపోయింది.

"గాలికి" అంది అత్త.

ఆవిడ నిజంగా నమ్మలేదో, నమ్మనట్టు నటిస్తోందో ఎంత చూసినా నాకు అంతుపట్టలేదు. ఆటోలో మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటిదాకా బయటికే చూస్తూ కూర్చుంది. భుజాలు అదురుతున్నాయి.

ఆ రాత్రి భోజనాలయ్యాక స్నేహితురాళ్ళకు వీడియో కాల్ చేసింది. ఏం పరువు తీస్తుందోనని నేను వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఏటనుకున్నారు జగదల్‌పూరంటే! మూడు సెరువులు. మూడింటికీ మజ్జిలో దీవులు. అందులో ఒకటి పూలసెరువు. మనకేటుంది, ఎటు సూసినా ఒకటే సముద్రం!" మొహంలో ఎక్కడా నవ్వు లేదు.

చలికాలంలో ఆ స్నేహితురాళ్ళు నలుగురూ జగదల్‌పూర్‌కు రైలెక్కారు, అత్త ముందు నడవగా. బయల్దేరే ముందురోజు ఆవిడ ఫోన్ చేసి నాకు జాగ్రత్తలు చెప్పింది. "తిన్నగా తీసుకెళ్ళకు, దొరికిపోతాం. మేకల సందులోంచి తిప్పు. ఆ పల్లీలామెకి ముందే సెప్పు."

వెళ్ళి చెప్పాను. ఆవిడ గంప సర్దుకుంటూ అంతా విని, "నాకు తెలుగే రాదంట తీయ్" అంది.

రెండో రోజు గుర్రపుడెక్క వైపు గట్టు మీద, నలుగురిలోకీ అనుమానం ఎక్కువైన ఒకావిడ బేరం కోసం ఆ వైపుకొచ్చి కూర్చున్న పల్లీలావిడ దగ్గరికే తిన్నగా వెళ్ళి, ఇది నిన్న చూసిన చెరువేనా అని తెలుగులో నిలదీసింది. పల్లీలావిడ గంభీరంగా, చేతులు తిప్పుతూ, హల్బీలో చాలాసేపు ఏదో చెప్పింది.

అడిగినావిడ నా వైపు తిరిగింది. "ఏమంటోందమ్మా?"

అత్త వంగి, బిగుతుగానే ఉన్న బూటు తాడు మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇది రెండోదంటోందండీ" అన్నాను.