యజమాని పేరు లేని రిజిస్టరు

ఆగస్టు 9, శనివారం సాయంత్రం. వట్లూరులో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, మా కోడలు.

కోడలు కొల్లేరు చేపలతో పచ్చడి పెట్టి వెబ్‌సైటులో అమ్ముతుంది. ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "ఆర్డరు పెట్టి పదిరోజులైందండీ. మిమ్మల్ని నమ్మడం మాదే తప్పండీ!" ఆ ఆర్డరు కోడలికి రానేలేదు. వెతికితే అదే పేరుతో, మన ఫోటోలతోనే మరో సైటు కనబడింది. సైటు పేరులో చుక్క తర్వాతి అక్షరాలు మాత్రమే వేరు.

"ఇంకో వారం ఇలాగే సాగితే నా పచ్చడి ఎవరూ కొనరు మామయ్యగారూ" అంది కోడలు.

సైటు పేర్ల రిజిస్టరు ఎవరైనా చూడవచ్చు కనుక తెరిచాం. తేదీ ఉంది, ఆ సైటు పేరు అమ్మిన కంపెనీ ఉంది, ఫిర్యాదుల ఈమెయిలు ఉంది. యజమాని పేరు ఉండవలసిన చోట మాత్రం, గోప్యత కోసం దాచాం అని ఉంది.

నేను ఉద్యోగమంతా భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేశాను. పొలం ఎవరి పేరున ఉందని ఎవరడిగినా చూపించేవాళ్లం. "పేరు దాచేది రిజిస్టరెలా అవుతుంది?" అని మండిపడ్డాను.

"మన సైటు పెట్టిన కొత్తలో నా నంబరు అందులో కనబడేది కదండీ. ఏమైందో మీ డైరీలో చూడండి" అంది కోడలు.

చూశాను. అపరిచితుల ఫోన్లు, వేళాపాళా లేదు, కోడలు ఏడ్చింది. కింద నా చేతిరాతే: 'నంబరు వెంటనే దాచించాలి.'

"ఏవండీ, మీ డైరీకున్న జ్ఞాపకం మీకు లేకపోయింది" అంది నా భార్య.

ఆ కంపెనీకి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. దస్తావేజుకు నాలుగు హద్దులు రాసిన అలవాటు చొప్పున నాలుగే రాశాను: మన పేరు రిజిస్టరైన తేదీ, వాళ్లది కిందటి నెల తేదీ, ఎత్తుకుపోయిన ఫోటోలు, గూడెం ఆవిడ మాట. ఆ ఊపులోనే 'యజమాని పేరు, తండ్రి పేరు, గ్రామం తెలుపగలరు' అని కూడా చేర్చాను.

కోడలు చివరి వాక్యం కొట్టేసింది. "పేరు కావాలంటే ఎందుకో చెప్పాలి, వాళ్లు ఆలోచించాలి, రోజులు పడతాయి. మనకి సైటు ఆగితే చాలండీ."

ఎన్నో దస్తావేజులు దిద్దినవాణ్ణి. నా రాతను ఇంత సరిగ్గా దిద్దినవాళ్లు మా ఆఫీసులో లేరు.

ఫిర్యాదు ఆ రాత్రే పంపాం. మర్నాడు ఉదయం ఆ సైటు తెరుచుకోలేదు. విచారణ ముగిసేదాకా ఆపామని కంపెనీ జవాబు పంపింది. కోడలు అప్పటికే చేపల కోసం కైకలూరు వెళ్లింది. ఫోన్ చేసి చెప్పాను.

"పేరు చెప్పారా మామయ్యగారూ?" అని నవ్వింది.

"అడగలేదుగా అమ్మా" అన్నాను.