ఆ ఉదయం రాని తుమ్ము

గుంటూరులో ఫాదర్లు నడిపే మగపిల్లల హైస్కూల్లో పదో తరగతి చదివేటప్పుడు నా పక్కన ఏసుబాబు కూర్చునేవాడు. వాళ్ల నాన్న తెల్లవారుజామున మిర్చి యార్డులో బస్తాలు మోసి, ఆ చొక్కాతోనే వాణ్ణి సైకిలు మీద దించేవాడు. ఆ ఘాటు వాడి యూనిఫామ్‌కి అంటుకుని వచ్చేది. ప్రార్థన మొదలవగానే నేను తుమ్మేవాణ్ణి. "గాడ్ బ్లెస్ యూ" అనేవారు ఫాదర్. ఆ బడిలో రోజూ దీవెన అందుకున్న ఆంజనేయస్వామి భక్తుణ్ణి నేనొక్కణ్ణే.

ఒకరోజు వాళ్ల నాన్న గుండెపోటుతో యార్డులోనే పోయాడు. సమాధి దగ్గర మేమంతా ఏడ్చాం, ఏసుబాబు ఏడవలేదు.

వాడు మళ్లీ బడికొచ్చిన రోజు అలవాటుగా జేబురుమాలు తీశాను. తుమ్ము రాలేదు. వాడి చొక్కా సబ్బు వాసన వేస్తోంది.

"ఏరా, తుమ్మవేంటి?" అన్నాడు వాడు మెల్లగా.

"జలుబు తగ్గిందిరా."

"ఒక్కసారి తుమ్మరా."

ప్రార్థన మధ్యలో దొంగతుమ్ము తుమ్మాను. కిటికీ మీది పావురం కూడా నమ్మనంత ఘోరంగా నటించాను. ఫాదర్ మాత్రం కళ్లు తెరవకుండానే "గాడ్ బ్లెస్ యూ" అన్నారు. ఏసుబాబు బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇప్పటికీ యార్డు పక్కగా వెళ్తే నా కళ్లు నిండుతాయి. ఘాటంటాను. మా ఊళ్లో ఆ మాటంటే ఇంకేం అడగరు.